హోరుని వినే తలుపు

రేడియోలో ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుస్సుమనే హోరుని మూసేసే సర్క్యూటే స్క్వెల్చ్. అది మన గొంతు కోసం చెవి ఒగ్గి ఉంటుందనుకుంటాం. కాదు. ఎఫ్ఎమ్ రిసీవర్‌లో సిగ్నల్ లేకపోతే హోరు పొంగుతుంది, సిగ్నల్ బలపడేకొద్దీ అణిగిపోతుంది. అందుకని మాటలుండే 3 కిలోహెర్ట్జ్ దాకా ఫిల్టర్‌తో తీసేసి, ఆ పైన మిగిలిన హోరునే కొలుస్తాం. అది తగ్గితే తలుపు తీస్తాం. మాటని అసలు వినదు! ఇది మొదటిసారి అర్థమైనప్పుడు భలే ముచ్చటేసింది.

కట్టడం ఒక సాయంత్రం పని. ఆప్‌యాంప్, రెండు డయోడ్లు, ఒక కంపారేటర్. రోజులు తినేది పరీక్షే. సిగ్నల్ జనరేటర్‌ని కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే ఒకచోట తలుపు టకటకా కొట్టుకుంటుంది. తెరిచే హద్దుకీ మూసే హద్దుకీ కాస్త ఎడం ఇస్తే ఆగుతుంది.

అసలు చిక్కు కదిలే బండిలోంచి మాట్లాడేవాళ్ళతో. మేడల మధ్య సిగ్నల్ వణుకుతుంది. వెంటనే మూస్తే వాక్యం ముక్కలవుతుంది. ఆలస్యం చేస్తే, ప్రతిసారీ మాట చివర హోరు తోకని రిపీటర్ ఊరంతా వినిపిస్తుంది. మోటరోలా వాళ్ళ మైకోర్ రేడియోల్లో దీనికో జవాబుంది: బలమైన సిగ్నల్ ఆగితే వెంటనే మూయడం, బలహీనమైనదైతే కాసేపు ఓపిక పట్టడం.

నాబ్ బిగిస్తే వినేవాళ్ళకి హాయే. నేను మాత్రం వదులుగా పెడతాను. తుఫాను రాత్రి, బ్యాటరీ అయిపోతున్న చేతి సెట్లోంచి వచ్చే పిలుపు ఆ హోరు అంచునే ఉంటుంది కదా. అందుకే రికార్డు చేసిన అంకెల్ని జనరేటర్‌కి ఎక్కించి, మా చెల్లిని ఇటువైపు కూర్చోబెట్టి, విన్నవి రాయమంటాను. నిన్న పదికి ఏడొచ్చాయి. కెపాసిటర్ మార్చి చూడాలి.