చేవెళ్ల మిద్దె మీద రెండు కిలోవాట్లు

మెల్‌బోర్న్‌లో మా ఇంటి కప్పు మీది సోలార్ ప్యానెళ్లు ఉత్తరం వైపు చూస్తుంటాయి. అవే చేవెళ్లలో బిగిస్తే దక్షిణం చూడాలి. భూమధ్యరేఖకు మేము ఆ వైపు, మా అమ్మానాయిన ఈ వైపు కాబట్టి దిక్కు మారడంలో వింత లేదు. బ్యాటరీ లెక్క కూడా అలాగే తిరగబడుతుంది. దానికి మాత్రం సూర్యుడితో సంబంధం లేదు, కరెంటు బిల్లుతో ఉంది.

మా ఊరు మొయినాబాద్ దాటాక, చేవెళ్ల రాకముందు వస్తుంది. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కిందుగా పోయి లోపలికి తిరగాలి. ఈమధ్య వెళ్లినప్పుడు నాయిన అడిగాడు: "ఆడ నీ ఇంటిమీద ప్లేట్లు పెట్టుకున్నవు, బ్యాటరీ గూడ పెట్టుకున్నవు. మనింటిమీద ఎందుకు పెట్టియ్యవు బిడ్డా?"

పరదేశంలో ఉన్న కొడుకు ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా డబ్బు పంపి జవాబు చెబుతాడు. మా ఇంట్లో ఏసీ అలాగే వచ్చింది, సీసీ కెమెరాలు అలాగే వచ్చాయి. ఈసారి పంపే ముందు నాయిన చేత పాత బిల్లులన్నీ తీయించాను.

ముందు నా ఇంటి సంగతి. ఆస్ట్రేలియాలో మూడిళ్లకు ఒక ఇంటి మీద ప్యానెళ్లు ఉన్నాయి. మేముండే విక్టోరియా రాష్ట్రంలో 2009లో మొదలైన ఒక పథకం కింద, లైనుకు పంపిన యూనిట్‌కు 60 సెంట్లు చేతికొచ్చేవి. ఆ తొలి రోజుల్లో పెట్టించుకున్న అదృష్టవంతులకు 2024 నవంబరు దాకా ఆ ధరే నడిచింది. వెనక వచ్చినవాళ్లకు ధర పడిపోతూ పోయింది. 2025–26కు అక్కడి నియంత్రణ సంస్థ ఖరారు చేసిన కనీస ధర 0.04 సెంట్లు, అంటే ఒక సెంటులో ఇరవై ఐదో వంతు. ఆ యూనిట్‌నే రాత్రి కొనుక్కోవాలంటే ముప్పై సెంట్ల దరిదాపు పెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఊళ్లో కప్పులన్నీ ఒక్కసారే కరెంటు కాస్తుంటే కొనే నాథుడెవరు? అందుకే ఇప్పుడు అక్కడ అందరి చూపూ బ్యాటరీల మీద పడింది. 2025 జులై 1 నుంచి ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం వాటి మీద సుమారు 30 శాతం రాయితీ కూడా ఇస్తోంది. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగువాళ్ల ఇళ్లకు భోజనాలకు వెళితే, శంకర్‌పల్లిలో గజం రేటు తర్వాత రెండో ముచ్చట బ్యాటరీ సైజే.

చేవెళ్లలో పరిస్థితి వేరు. తెలంగాణలో నెట్ మీటరింగ్ నడుస్తోంది. పగలు లైనులోకి పోయిన యూనిట్‌కు రాత్రి వాడుకున్న యూనిట్ చెల్లు. మిగిలినవి ఖాతాలో ఉంటాయి. ఆరు నెలలకోసారి, జూన్‌లోనూ డిసెంబరులోనూ లెక్క తేల్చి, అప్పటికీ మిగులుంటే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) తన సగటు కొనుగోలు ధర చొప్పున కడుతుంది. మధ్యాహ్నం కరెంటును దాచి రాత్రికి తిరిగి ఇచ్చే పనిని లైనే చేసిపెడుతోంది, అద్దె లేకుండా, తరుగు లేకుండా. కొన్న బ్యాటరీలో అయితే నింపి తీసే ప్రతిసారీ పదో వంతు దాకా కరెంటు ఆవిరవుతుంది. కాబట్టి మెల్‌బోర్న్‌లో నా బిల్లు తగ్గించిన వస్తువే చేవెళ్లలో నాయిన బిల్లును ఓ పిసరు పెంచుతుంది. పైగా ఐదు యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు కలిపి లక్షకు పైమాటే.

ఇక ప్యానెళ్లు. ఇవి లాభమా కాదా అన్నది ఊళ్లో ఇంటింటికీ మారుతుంది. మా పెద్దనాయిన కొడుకు ఇల్లు మా గోడ పక్కనే. వాళ్లకు తెల్ల రేషన్ కార్డుంది, నెలకు నూటయాభై యూనిట్లు కాలుతుంది, గృహజ్యోతి కింద బిల్లు సున్నా. 2024 ఫిబ్రవరి 27న ఆ పథకాన్ని సచివాలయంలో ప్రారంభించి, ముఖ్యమంత్రి అదే రోజు మా చేవెళ్లలోనే సభ పెట్టారు. వదిన ముక్కుసూటిగా అంది: "మాకు బిల్లే రాదు. ప్లేట్లు పెట్టిచ్చి ఏం జేసుకోవాలె?" ఆమె మాటకు తిరుగులేదు. 200 యూనిట్లలోపు ఉచితం ఉన్న ఇంటికి సోలార్ ఎంత చవకైనా ఖర్చే. వ్యవసాయ బోర్లకు ఎటూ ఉచితమే.

మా ఇంటికి ఆ కార్డు లేదు. ఏసీ వచ్చాక ఎండాకాలం నాలుగు నెలలు నాలుగు వందల యూనిట్లు, మిగతా నెలల్లో రెండొందల ఇరవై దాకా అవుతోంది. ఇప్పుడున్న స్లాబుల్లో 200 దాటితే దెబ్బ రెండు వైపులా పడుతుంది. దాటనంతవరకు మొదటి వంద 3.40, తర్వాతి వంద 4.80. దాటగానే మొదటి రెండొందలకూ 5.10, ఆపైన మూడొందల వరకు 7.70, నాలుగొందల వరకు 9 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు వదిలేస్తే, 200 యూనిట్లకు 820 రూపాయలయ్యే బిల్లు ఇంకొక్క యూనిట్‌తో వెయ్యి దాటుతుంది. మొత్తమ్మీద నాయిన ఏడాదికి ఇరవై వేల పైచిలుకు కడుతున్నాడు.

మా ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఇంటికొచ్చిన ఏజెంటు చూసీచూడగానే ఐదు కిలోవాట్లన్నాడు. "ఫారిన్ నుంచి వచ్చిండ్రు గదా సార్" అని కూడా అన్నాడు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై వేల చొప్పున, మూడో దానికి పద్దెనిమిది వేలు, అంతా కలిపి 78,000 రాయితీ. మూడు దాటితే పైసా పెరగదు. ఆ సంగతి ఆయన నోటి నుంచి రాలేదు. బ్యాటరీకి ఈ రాయితీ వర్తించదని కూడా చెప్పలేదు.

మా వాడకం ఏడాదికి 3,360 యూనిట్లు. రెండు కిలోవాట్లు 2,900 దాకా ఇస్తాయి. మిగిలిన కొద్దిపాటి యూనిట్లు చవక స్లాబులో పడతాయి. మాకు చెప్పిన ధర లక్షా ముప్పై అయిదు వేలు, రాయితీ పోను 75,000. ఏడాదికి పద్దెనిమిది వేలు మిగిలినా నాలుగేళ్ల పైచిలుకులో పెట్టుబడి తిరిగొస్తుంది. మూడు కిలోవాట్లు పెడితే అదనంగా వచ్చేదాంట్లో ఎక్కువ భాగం డిస్కంకు కొనుగోలు ధరకే అమ్ముకోవాలి. రాయితీ పోను లక్షా ఇరవై వేలవుతుంది, తిరిగి రావడానికి ఆరేళ్లు. ఊళ్లో పెద్ద సిస్టం పెట్టించామని చెప్పుకోవడానికి తప్ప మూడో కిలోవాట్ మాకు అక్కరకు రాదు.

లెక్కలన్నీ విన్నాక నాయిన అసలు మాట బయటపెట్టాడు: "కరెంటు పోయినా ఏసీ నడుస్తదనుకున్న." ఊళ్లో చాలామంది మనసులో ఉన్నది ఇదే. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ లైనులో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, నెత్తిన ఎంత ఎండ కాస్తున్నా సరే. లోపం ఉండి కాదు. స్తంభమెక్కి పని చేస్తున్న లైన్‌మన్‌కు మన మిద్దె మీది కరెంటు కొట్టకూడదు గనక అలా తయారు చేశారు. పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టరు ఉండాల్సిందే. అయితే మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుంది? మే నెల సాయంత్రం గాలిదుమారం లేచి కొమ్మ విరిగి తీగల మీద పడ్డప్పుడు, గంటో గంటన్నరో. ఆ కాస్తకు నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు నడపడానికి మెట్ల కింద పాత ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ ఉండనే ఉన్నాయి. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించిన 2012లో నాయిన ఇదే అడిగి ఉంటే కళ్లు మూసుకుని బ్యాటరీ కొనమనేవాణ్ని. గంటసేపు ఏసీ కోసం లక్ష రూపాయలంటే ఆయనే వద్దన్నాడు.

అమ్మ అభ్యంతరాలు వేరే. మిద్దె మీద మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి? కోతులు ప్లేట్ల మీద దుంకితే? మొదటిదానికి ఎత్తు స్టాండ్లు వేయించి రెండు కిలోవాట్లను ఒక మూలకు సర్దాం. దాదాపు రెండొందల చదరపు అడుగులు పోయింది, అమ్మ ఇప్పటికీ అది ఎక్కువేనంటోంది. కోతుల బరువుకు గట్టి అద్దం పగలదు, తీగలు పీకకుండా పైపుల్లో వేయించాలి. రాళ్లవాన సంగతి ఆమె అడగలేదు గానీ నాకే గుర్తొచ్చింది. 2023 మార్చిలో పక్కనున్న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు నేలంతా తెల్లగా పరుచుకున్నాయి. అందుకే ఇంటి బీమాలో ప్యానెళ్లను కూడా చేర్పించాం. దుమ్ము మాత్రం మొయినాబాద్ చుట్టూ జరుగుతున్న కట్టడాల వల్ల నిజంగా ఎక్కువ. పదిహేను రోజులకోసారి, ఎండ ఎక్కకముందే నీళ్లతో కడగాలి.

నీడ గురించి ఒక మాట. ఒక ప్యానెల్ మీద కొబ్బరి మట్ట నీడ పడినా ఆ వరుస మొత్తం కుంటుతుంది. ఈ విషయంలో మా వైపు ఊళ్లు అదృష్టం చేసుకున్నాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. దాన్ని తిట్టుకోని రైతు మా దగ్గర లేడు, భూమి ధర పెరగలేదని. కానీ పక్కన పది అంతస్తులు లేని మిద్దెలు, ఎవరి పైకప్పు వారికే ఉన్న ఇళ్లు ఇంకా మిగిలాయంటే దాని వల్లే. కోకాపేట అపార్టుమెంటులో ఉన్న మా చెల్లెలికి ప్యానెల్ పెట్టుకోవడానికి తనదంటూ జానెడు కప్పు లేదు.

చిలుకూరు బాలాజీ గుడిలో వీసాకు పదకొండు, వచ్చాక నూటెనిమిది ప్రదక్షిణలు చేసిన మావాళ్లలో కొందరు ఆ చుట్టుపక్కలే ఫాంహౌసులు కట్టారు. ఏడాదిలో పది నెలలు తాళం ఉండే ఆ ఇళ్ల మీద ప్యానెళ్లు పెడితే పుట్టిన కరెంటంతా కొనుగోలు ధరకు పోతుంది. వాళ్లకు నేను వద్దనే చెబుతాను. రాయితీ భారత పౌరులకే కాబట్టి, ఓసీఐ కార్డు మీద వచ్చే నాలాంటివాళ్ల పేరున మీటరుంటే అదీ రాదు. మా మీటరు నాయిన పేరున ఉంది, సరిపోయింది.

ఆగితే ఉచితంగా వస్తుందనే వాళ్లూ ఉన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ప్రభుత్వమే ఇళ్ల మీద సోలార్ పెట్టించింది నిజమే. కానీ అది ముఖ్యమంత్రి సొంత ఊరు. మాకు ఆ వంతు ఎప్పుడొస్తుందోనని నాలుగేళ్లు బిల్లు కడితే ప్యానెళ్ల ధర అటే పోతుంది. నెట్ మీటరింగ్ కలకాలం ఉంటుందనీ అనుకోను, 60 సెంట్లు 0.04 కావడం కళ్లారా చూసినవాణ్ని. పగలు చవక, సాయంత్రం పిరం అనే ధరల పద్ధతి 2023లో కేంద్రం సవరించిన నిబంధనల్లో ఇప్పటికే ఉంది. అది ఇళ్లకు వచ్చిన రోజు బ్యాటరీ గురించి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు, అప్పటికి దాని ధరా తగ్గుతుంది. ఇరవై ఐదేళ్ల లాభం చూపించే కాగితాలను నమ్మకుండా, నాలుగైదేళ్లలో డబ్బు తిరిగొచ్చే సైజే పెట్టించాను: రెండు కిలోవాట్లు, బ్యాటరీ లేదు.

మీ అమ్మానాన్నలూ అడుగుతుంటే, డబ్బు పంపే ముందు పన్నెండు నెలల బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి. యూనిట్లు 200 దాటుతున్నాయా, గృహజ్యోతి ఉందా, మీటరు ఎవరి పేరున ఉంది అన్న మూడూ చూశాకే ఏజెంటుకు ఫోన్ చేయండి.