లెక్కలో లేని పని

హైదర్‌గూడలో మా గది మూడో అంతస్తు మీద, నీళ్ల ట్యాంకు పక్కన. మేము నలుగురం. ఇద్దరం ఉట్నూరు వైపు గోండు పిల్లలం. ఒకరిది భద్రాచలం దగ్గర కోయగూడెం, ఇంకొకరిది దేవరకొండ వైపు తండా. యూనివర్సిటీలో చదువు, సెలవు రోజుల్లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు తయారీ. అశోక్‌నగర్ చుట్టూ అందరూ చేసేదే మేమూ చేస్తున్నాం. ఉన్నట్టుండి ఒక అంతర్జాతీయ బిజినెస్ కేస్ పోటీకి పేర్లిచ్చాం. రీడింగ్ రూంలో పక్క కుర్చీ అన్న అడిగిన మొదటి మాట: "నోటిఫికేషన్ ఎప్పుడు పడ్డది తమ్మీ? పోస్టులెన్ని?"

పోస్టులు లేవు. కేస్ అంటే ఒక వ్యాపారానికి వచ్చిన చిక్కును కాగితం మీద పెట్టి, 'నువ్వైతే ఏం చేస్తావు' అని అడగడం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో 1920ల నుంచి ఇలాగే పాఠం చెబుతున్నారు. పోటీలో జట్టుగా కూర్చుని జవాబు తయారు చేయాలి, జడ్జీల ముందు చెప్పాలి, వాళ్ల ప్రశ్నలకు నిలబడాలి.

మాకు ధైర్యమిచ్చింది ఈ ఊరి కథే. 2009లో హల్ట్ గ్లోబల్ కేస్ చాలెంజ్‌గా మొదలై, తర్వాత హల్ట్ ప్రైజ్‌గా పేరు మారిన పోటీ ఒకటుంది. 2014లో దాన్ని గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ విద్యార్థుల జట్టు, నానోహెల్త్, గెలిచింది. ఆ ఏడాది ప్రశ్న, మురికివాడల్లో దీర్ఘకాలిక జబ్బుల గురించి. బస్తీ మనుషులకే శిక్షణ ఇచ్చి, పరీక్షల పరికరాలున్న సంచితో ఇల్లిల్లూ తిప్పుతామన్నది వాళ్ల జవాబు. బహుమతి 10 లక్షల డాలర్లు. మమ్మల్ని పట్టింది ఆ డబ్బు కాదు, జవాబు బస్తీలోనే దొరకడం. అయితే మన గూడెంలోనూ దొరుకుతుంది అనుకున్నాం.

ఇప్పపువ్వు లడ్డూ తీసుకున్నాం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు తయారు చేసి అమ్ముతున్నదే. దాన్ని నగరానికి తేవడం మా ప్లాను. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని లెక్క వేశాం. బెల్లం, నువ్వులు, పల్లీలు, డబ్బా, బస్సు పార్సిలు, షాపు కమీషన్, అన్నీ రాశాం. ఇప్పపువ్వు దగ్గర 'అడవి నుంచి ఉచితం' అని రాసి సున్నా పెట్టాం. లాభం బాగా కనిపించింది. ఇంగ్లిషు తడబడకుండా అద్దం ముందు చదువుకున్నాం. మా భయమంతా ఇంగ్లిషు మీదే.

ఇంగ్లిషు దగ్గర ఎవరూ ఆపలేదు. ఒక జడ్జి మేడం మాత్రం కాగితం మీద వేలు పెట్టి, "ఈ పువ్వు ఏరే మనిషికి రోజుకు ఎంత ఇస్తారు?" అని అడిగారు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా నలుగురిలో ఇద్దరి అమ్మలు ఆ పువ్వు ఏరినవాళ్లే. అయినా మా దగ్గర జవాబు లేదు. తొలి మెట్టులోనే ఓడిపోయాం.

ఆ రాత్రి ఉట్నూరు వైపు ఒక అమ్మకు ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి, ఆమె గోండిలో చెబుతుంటే మిగతా ఇద్దరికీ తెలుగులో చెప్పుకుంటూ రాసుకున్నాం. చెట్టు కింద ఆకులు ఊడ్చాలి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, పశువులు మేయకముందే చేరాలి. ఒక్కొక్కటే వంగి ఏరాలి. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి రావాలి. రోజుల తరబడి ఎండబెట్టాలి, మబ్బు పడితే ఎత్తి లోపల పోయాలి. ఎండాక బుట్టెడు పువ్వు బుట్ట అడుగుకు దిగుతుంది. అంతా చెప్పి ఆమె అడిగింది: "ఇదంతా ఎందుకు బిడ్డా, ఇది కూడా పరీక్షలో వస్తదా?"

వచ్చింది. మేమే రాయలేకపోయాం. సంతలో షావుకారు ఇన్నేళ్లుగా వేసిన లెక్కనే, చదువుకుని వచ్చి మేమూ వేశాం. ఆమె నడుము నొప్పిని సున్నా అని రాశాం. 'ఉచితం' అన్న మాట కూడా తప్పే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు రాసింది. హక్కున్న సొత్తును ఊరికే వచ్చిందని మనమే రాస్తే, కొనేవాడు ఎందుకు ధర కడతాడు?

తర్వాతి ఆదివారం గ్రంథాలయంలో కూర్చుని లెక్క మళ్లీ వేశాం. ఏరడానికి, ఎండబెట్టడానికి ఉపాధి హామీ కూలి లెక్కన గంటలు కట్టాం. లాభం మూడో వంతుకు పడిపోయింది. డబ్బా ధర పెంచాలి, లేదంటే షాపు కమీషన్ తప్పించి నేరుగా అమ్మాలి. మా అసలు కేసు అదే. పోటీలో చెప్పాల్సింది కూడా అదే.

వచ్చే ఏడు మళ్లీ పేరిస్తాం. మీలో ఎవరైనా వెళితే భయపడాల్సింది ఇంగ్లిషుకు కాదు, మన ఇంటి పనిని మనమే మరిచిపోవడానికి. ఆశ్రమ పాఠశాలల టీచర్లకు ఒక మనవి. కేస్ చెప్పడానికి హార్వర్డ్ పుస్తకం అక్కర్లేదు. సంత రోజు మర్నాడు పిల్లల్ని ఇలా అడగండి: మీ అమ్మ నిన్న ఏం అమ్మింది? ఎన్ని గంటల పని అది? చేతికి ఎంత వచ్చింది? పలక మీద వాళ్లనే వేయనివ్వండి. సున్నా ఎక్కడ పెట్టారో చూడండి.