ఏటికొప్పాక లక్కబొమ్మలు

విశాఖపట్నంనుంచి విజయవాడ వైపు రైలెక్కినవారు నర్సీపట్నం రోడ్డు అనే స్టేషనులో దిగాలి. పేరు చూసి నర్సీపట్నం వచ్చేసిందనుకునేరు. ఆ ఊరు ఇంకా చాలా దూరం. ఏటికొప్పాక మాత్రం దగ్గరే. పేరు మొదటనే ఏరున్నది. ఆ ఏరు వరాహనది. 2022లో జిల్లాలను విడదీసినప్పటినుంచి ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

మన ఆడపిల్లలు గుజ్జనగూళ్లు వండుకున్న లక్కపిడతలకు ఇది పుట్టినిల్లు. అంకుడు కర్ర మెత్తనిది, తెల్లనిది. దాన్ని బాగా ఎండబెట్టి, ముక్కలు కోసి, తరిమెనకు బిగిస్తారు. ఇప్పటివారు దాన్ని లేతు అంటారు. పూర్వం చేత్తో తిప్పేవారు, నేడు కరెంటు మోటారు తిప్పుతున్నది. ఉలి ఆనించగానే పొట్టు సుళ్లు తిరిగి రాలుతుంది, కర్ర గుండ్రమౌతుంది. అసలు వేడుక ఆ తరువాతిది. రంగు కలిపిన లక్క కడ్డీని పనివాడు గిర్రున తిరిగే కర్రకు నొక్కిపెడతాడు. రాపిడికి వేడి, వేడికి లక్క కరగడం, కరిగిన లక్క కర్రను పట్టుకోవడం, అన్నీ కళ్లముందే జరిగిపోతాయి. పైన మొగలి ఆకు ఒత్తిపడితే అద్దంలా నిగ్గు తేలుతుంది. కుంచెతో పని లేదు, వార్నిషుతో అంతకన్నా లేదు.

మధ్యలో రసాయనపు రంగులు వచ్చిపడ్డాయి. చవక, సులువు. కాని బొమ్మ పసిపిల్లల చేతిలోకి వెళ్లగానే మొదట చేరేది నోటికే కదా! పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటివాటితో మళ్లీ రంగులు తీయడానికి ఈ ఊరివారైన సి.వి. రాజుగారు ఏళ్లతరబడి పాటుపడ్డారు. 2023లో వారికి పద్మశ్రీ వచ్చింది.

ఊరికి పేరు తక్కువేమీ కాదు. 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఈ బొమ్మల ప్రస్తావన వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ఇంతైన తరువాత అమ్మకానికేమి లోటు అనవచ్చు. ఊరేగింపు వేరు, బేరం వేరు!

వెనుక ఈ బొమ్మ కావాలంటే ఊరికి రావాలి, లేకుంటే పట్నంలో లేపాక్షి దుకాణానికి పోవాలి. ఇప్పుడు అంగడి అరచేతిలోకి వచ్చింది. కేంద్ర జౌళి శాఖవారు కూడా చేనేత, హస్తకళలవారు దళారి లేకుండా అమ్ముకోవడానికి ‘ఇండియా హ్యాండ్‌మేడ్’ పేరిట ఇంటర్నెట్టులో ఒక అంగడి తెరిచారు. మంచిదే. ఐతే ఫోనులో ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది. అది గింజ ఎరుపో, డబ్బా ఎరుపో ఫొటో చెప్పదు. చేత పట్టుకుంటే తెలిసే నునుపూ తెలియదు. పైగా చిన్న పిడత ఒక్కటే తెప్పించుకుంటే తపాలా ఖర్చు వస్తువు ఖరీదుతో పోటీపడుతుంది. అందుచేత సెట్లుగా అమ్మడమే గిట్టుబాటు.

ఇంకొక చిక్కుకూడా వచ్చి తప్పింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ప్రమాణముద్ర తప్పనిసరి అయింది. తరిమెన ముందు కూర్చున్నవాడు ప్రయోగశాలల చుట్టూ ఎక్కడ తిరుగుతాడు? అదృష్టవశాత్తు నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపున్న వస్తువులకూ ముందే మినహాయింపు ఇచ్చారు.

నాకు తోచిన పెద్ద లోటు వేరొకటి. అమ్మేచోట బొమ్మ కింద ఊరిపేరు ఉంటుంది, తరతరాల కళ అన్న పొగడ్త ఉంటుంది. చేసినవారి పేరు మాత్రం సామాన్యంగా ఉండదు. నవలకు రచయిత పేరు వేయకుండా అచ్చువేస్తామా? పనివాడి పేరొక ముక్క, లక్క కరిగే దృశ్యం అరనిమిషం జతచేస్తే చాలు. కొనేవారికి ఆ ధర ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఎవరి చేతిపని బాగుందో వారికే రెండోసారి కబురు వెళుతుంది.

ఊరికి వెళ్లే ఉద్దేశమున్నవారు పగటిపూట, పని సాగుతున్నప్పుడు వెళ్లాలి. రంగు దేనితో తీశారని మొహమాటపడకుండా అడగండి. కుంకుమభరిణెలు, బొంగరాలు, పిడతల సెట్లు చూశాక ఉత్త చేతులతో తిరిగిరావడం కష్టం. సంచి కాస్త పెద్దదే తీసుకువెళ్లండి.