అడిగే ప్రశ్నను బట్టే వెతుకులాట

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిజిటల్ విభాగం చూసుకోవడం నా ఉద్యోగం. రాయలసీమలోని మా క్యాంపస్‌కు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పల్లెల వాళ్లు. "వీళ్లకు నెట్ అంటే రీల్సే" అని స్టాఫ్ రూముల్లో తేల్చేస్తుంటారు. రోజూ వాళ్ల పక్కన కూర్చునే నేను ఆ మాట ఒప్పుకోను.

ఒకప్పుడు మా హాల్లో రిజిస్టరులో పేరు రాసి, అరగంట కంప్యూటర్ కోసం కాచుకునేవాళ్లు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ వరుస కరిగిపోయింది. అయితే పరిశోధన వ్యాసాన్ని ఫోన్ తెర మీద చదవడం కష్టం, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయడం ఇంకా కష్టం. ల్యాప్‌టాప్ ఉన్న పిల్లవాడు వ్యాసం చదువుతాడు. ఫోన్ మాత్రమే ఉన్నవాడు దాని మీద వీడియో చూస్తాడు. ఆ తేడా చేతిలో ఉన్న వస్తువుది, శ్రద్ధది కాదు.

2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. క్యాంపస్ నెట్‌వర్క్ మీద ఊరికే తెరుచుకునే వ్యాసమే హాస్టల్ గదిలో సొంత డేటా మీద తెరిస్తే డాలర్లలో వెల చూపిస్తుంది. "సార్, ఇది కొనాలంట" అంటూ ఎమ్మెస్సీ పిల్లలు స్క్రీన్‌షాట్ పట్టుకొస్తారు. బయటి నుంచి లాగిన్ అయ్యే దారి ఉందని అంతవరకూ వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. ఇక చీకటి పడ్డాక మా హాల్లో కనిపించేది మగపిల్లలే. ఆడపిల్లలకు హాస్టల్ గేటు మూసే వేళ ముంచుకొస్తుంది మరి.

భాష సంగతి వేరే. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన అర్థశాస్త్రం విద్యార్థికి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం కొరుకుడు పడదు. యూట్యూబ్‌లో ఎవరో తెలుగులో చెప్పిన పాఠమే అతనికి ఆసరా. తెలుగు శాఖ పిల్లల చిక్కు ఇంకోటి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నా, చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే. లోపలి మాట పట్టుకుని వెతకడం చాలాసార్లు కుదరదు. పుస్తకాల పేర్లేమో రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. అందుకే ఒకే పేరును నాలుగైదు స్పెల్లింగులతో వెతకడం వాళ్లకు మొదటి పాఠంగా చెబుతాను. ఆంధ్రభారతి నిఘంటువులు యూనికోడ్‌లో ఉండబట్టి అక్కడ ఈ తంటా లేదు.

ఇన్ని ఉన్నా, అన్నిటికంటే బలమైనది అధ్యాపకుడు ఇచ్చే పని. "ప్రపంచీకరణ: ప్రభావాలు" అని అసైన్‌మెంట్ ఇస్తే మొదట దొరికిన పేజీ దిగుతుంది, ఇప్పుడైతే చాట్‌జీపీటీ రాసిపెడుతుంది. మా దగ్గర చరిత్ర చెప్పే మేడమ్ ఒకరు వేరేలా అడిగారు: మీ ఊరి 1961, 2011 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి, ఏం మారిందో, ఎందుకు మారిందో రాయండి. జిల్లా జనగణన పుస్తకాలు జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగానే ఉన్నాయి. పిల్లలు ఆ పాత పుస్తకంలో తమ మండలం కోసం వెతికి, "మా ఊరే లేదు సార్" అంటూ వచ్చారు. మండలాలు వచ్చింది 1985లో కదా! 1961 నాటి తాలూకా ఏదో ముందు కనుక్కోమన్నాను. కొందరు ఇంటికి ఫోన్ చేసి తాతలను అడిగారు, కొందరు పాత పటాలు వెతికారు. రీల్స్ చూస్తారని పేరుపడ్డ పిల్లలే ఆ వారమంతా మా హాల్లో కుర్చీ ఖాళీ చేయలేదు. నెట్ అదే, ఫోన్లూ అవే. మారింది ప్రశ్న ఒక్కటే.

వైఫై వేగం పెంచితే చాలనుకునే అధికారులకు నా మాట ఇది: హాల్లో పనిచేసే కంప్యూటర్లు పెంచండి, ఆడపిల్లల హాస్టల్లో కూడా కొన్ని పెట్టండి, చేరిన మొదటి వారంలోనే లాగిన్ పద్ధతి అందరికీ నేర్పించండి. అధ్యాపకులకు మనవి: పిల్లల ఫోన్లను తిట్టే ముందు, మీరిచ్చిన ప్రశ్నను మీరే ఒకసారి నెట్‌లో వేసి చూడండి. జవాబు మొదటి పేజీలోనే దొరికితే, మార్చాల్సింది ఆ ప్రశ్ననే.