బీదర్‌లో పెట్రోల్ రంపాల ఉస్తాద్

బీదర్ కోటలోని పాత గోడల మట్టిని నాలుకపై వేసుకుని రుచి చూసి, అది బిద్రీ పాత్రకు నలుపునివ్వగల మట్టి అవునో కాదో చెప్పే పనివాళ్లు ఆ పట్టణంలో ఇప్పటికీ ఉన్నారు. జింకు ఎక్కువగానూ రాగి తక్కువగానూ కలిపి పోత పోసిన పాత్ర మీద వెండి తీగను పొదిగి, ఆ మట్టిని నవాసాగరంతో కలిపి మరిగించిన నీటిలో ముంచినప్పుడు పాత్ర లోహం మాత్రమే నల్లబడి వెండి తెల్లగా నిలిచే ఈ పనికి 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది; 2023లో ఆ కళాకారులలో ఒకరైన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ పురస్కారం లభించింది. ఇది ఎంతో న్యాయమైన గౌరవం. అయితే నాలుకతో మట్టిని పోల్చుకోవడం విద్య అయినప్పుడు చెవితో ఇంజను లోపాన్ని పోల్చుకోవడం కూడా విద్యే కావాలి. ఆ రెండవ విద్యకు అదే పట్టణంలో పేరు గాని, పట్టిక గాని, వారసుడు గాని లేకపోవడమే ఈ వ్యాసానికి కారణం.

బిద్రీ పనిని చూసి రమ్మని ఒక పత్రిక పంపగా జరిగిన సందర్శన, దారిలో కనిపించిన ఒక రేకుల కొట్టం దగ్గర ఆగి అక్కడే ముగిసింది. నీటి మోటార్లు, మందు కొట్టే పంపులు, పాత స్కూటర్లు బాగుచేసే ఆ కొట్టంలో ఒక మూల మొద్దుపై పెట్రోల్ రంపాలు వరుసగా ఉన్నాయి. పళ్లున్న గొలుసును ఉక్కు పట్టీ చుట్టూ తిప్పి చెట్టును కోసే ఈ యంత్రాన్ని జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతోనూ, 1929లో పెట్రోలుతోనూ నడిచేలా తయారుచేశాడు. మొదట ఇద్దరు మోయవలసి వచ్చిన ఆ బరువు క్రమంగా తగ్గి ఒక్క మనిషి చేతికి అందింది; 1959లో పళ్లచక్రాల పెట్టె అవసరం లేకుండా ఇంజనే నేరుగా గొలుసును తిప్పే ‘కాంట్రా’ వచ్చింది. కొట్టంలోని పెద్ద రంపం ఆ వంశానిదే: 106 సీసీల ‘070’ నమూనా. దాని రంగు పోయింది, పిడికి సైకిల్ ట్యూబు చుట్టారు, కాని లోపలి పిస్టన్ గోడలు గీత లేకుండా నునుపుగా ఉన్నాయి.

దాన్ని తెచ్చిన రైతు జహీరాబాద్ వైపు వాడు. 1956 నవంబరు 1 వరకు జహీరాబాద్ కూడా బీదర్ జిల్లాలోనిదే కనుక ఆ రాకపోకలు, ఆ భాషల కలయిక నేటికీ తెగలేదు. కొట్టంలో యంత్రాలు బాగుచేసే ఉస్తాద్ దక్కనీలో అడిగితే రైతు తెలుగులో చెబుతాడు, ఇద్దరికీ ఇబ్బంది లేదు. “గరం కాంగనే బందైతుంది ఉస్తాద్, సల్లవడ్డంక మళ్ల షురూ అయితది. ప్లగ్గు మార్పించిన, కార్బొరేటర్ కడిగించిన. పైసలు పోయినయి గని దాని రోగం పోలె” అన్న ఆ ఫిర్యాదు, పాత రంపాల వైద్యంలో తరచుగా వినిపించేదీ, తరచుగా తప్పుగా అర్థమయ్యేదీ.

వేడెక్కాక ఆగిపోయే ఇంజనుకు కారణాలు ఒకటి కంటే ఎక్కువ. ట్యాంకు మూతలో గాలి పీల్చే సన్నని రంధ్రం రంపపు పొట్టుతో మూసుకుపోతే, పెట్రోలు తగ్గిన కొద్దీ లోపల ఖాళీ ఏర్పడి ఇంధనం పైకి రాదు. అందుకే ఉస్తాద్ రంపాన్ని అది ఆగేదాకా నడిపించి, ఆగిన మరుక్షణం మూత తిప్పాడు. గాలి లోపలికి దూసుకుపోయే శబ్దం రాలేదు. ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంది, అంటే పెట్రోలు చేరుతోంది, నిప్పురవ్వే చేరడం లేదు. ట్యాంకుకు దూరంగా ప్లగ్గును ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగినప్పుడు నీలంగా మెరవవలసిన రవ్వ పసుపుగా, బలహీనంగా కనిపించింది. అప్పుడాయన ఫ్లైవీల్ ఊడదీసి దాని కింది పాయింట్లను వెలుతురుకు పట్టాడు. పాయింట్లు అంటే ఇంజను తిరిగే ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి విడిపోయే క్షణంలోనే కాయిల్‌లో రవ్వ పుడుతుంది. ఒక బిళ్ల మీద గుంట, ఎదుటి దాని మీద సరిగ్గా అంతే బొడిపె ఉండడం చూసి ఆయన నిర్ణయానికి వచ్చాడు. బిళ్లల మధ్య మంట రేగకుండా విద్యుత్తును తనలోకి తీసుకోవలసిన కండెన్సర్ వేడికి పనిచేయడం మానినప్పుడే లోహం ఇలా ఒక వైపు నుంచి మరో వైపుకు చేరుతుంది. ఈ రంపం కండెన్సర్ బజారులో దొరకదు. పాత స్కూటరుది, విలువ సరిపోయేది తీసి, తీగ అతికి, పాయింట్ల ఎడం 0.4 మి.మీ. దగ్గర నిలిపాడు. అంతకుముందు చేసిన ఖర్చంతా ఆ రైతుకు వృథా అయింది, ఎందుకంటే భాగాలు మార్చినవాళ్లు ఉన్నారు గాని లక్షణాన్ని చదివినవాళ్లు లేరు.

కార్బొరేటర్ కడిగించడం మాత్రం పూర్తిగా అనవసరం కాదు. రంపాన్ని ఎటు వంచినా ఇంధనం అందాలి కనుక దీనిలో తేలే బెండు బదులు డయాఫ్రం, అంటే గాలి ఒత్తిడికి కదిలే పలుచని పొర, పెట్రోలును లోపలికి లాగుతుంది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే సాధారణమైపోవడంతో, అంతకు దశాబ్దాల ముందు తయారైన రబ్బరు గొట్టాలు, పొరలు ఉబ్బడమో బిరుసెక్కడమో జరుగుతోంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ చుట్టూ ఉన్న రైతుకు ఇథనాల్ పరాయి సరుకు కాదు, అది చెరకు నుంచి కూడా వచ్చేదే. చెరకు ధరకు ఊతమిచ్చే ఆ విధానాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. పాత ఇంజన్లు ఉన్న ఇళ్లకు ఒక్క ముక్క ముందుగా చెప్పకపోవడాన్ని తప్పుపట్టక తప్పదు. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినది కాలిపోయేదాకా ఇంజను నడిపి, ఆ తర్వాతే రంపాన్ని అటక ఎక్కించాలన్నది ఉస్తాద్ ప్రతి ఒక్కరికీ చెప్పే మాట. పాత రంపానికి లీటరుకు 40 మి.లీ. నూనె కలపాలన్నది రెండవ మాట.

బాగైన రంపాన్ని ఒక తుమ్మ మొద్దు మీద పెట్టినప్పుడు ఆయన పనితనం మరింత స్పష్టమైంది. గాలిలో పూర్తి వేగంతో తిరిగేటప్పుడు ఇంజను కొద్దిగా తడబడుతూ బుడబుడలాడాలి, కర్రలోకి దిగగానే ఆ తడబాటు పోయి గొంతు బిగుసుకోవాలి. గాలిలోనే కీచుమని సన్నగా అరిస్తే పెట్రోలు, దానితో పాటు నూనె తగ్గినట్టు, పిస్టన్‌కు ముప్పు దగ్గరపడినట్టు. వేలితో స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, తల ఒక పక్కకు వంచి విని, ఆ రెండు గొంతుల నడుమ చోటును ఆయన పట్టుకున్న తీరు చూసిన వారెవరూ దాన్ని కూలిపని అనరు. కోతలో పొడి రాలితే పళ్లు మొద్దుబారాయని, పేళ్లు లేస్తే పదును ఉందని చెబుతూ గుండ్రటి ఆకురాయితో ఒక్కో పంటిని ఒకే వాలులో రుద్దాడు. అమెరికాలో జోసెఫ్ కాక్స్ 1946లో కలపను తొలిచే పురుగు దవడలను గమనించి రూపొందించిన పంటి ఆకారమే నేటికీ ఈ గొలుసులకు ఆధారం. ఆ పాత ఇంజను లోతైన గొంతులో, వేడెక్కిన నూనె వాసనలో, బరువైన పట్టీ తన బరువుతోనే కర్రలోకి దిగడంలో నిజమైన ఆనందం ఉంది. ఆ ఆనందానికి హద్దు కూడా ఉంది. రంపం ఎదురు తన్నినప్పుడు గొలుసును ఆపే బ్రేకు పాత నమూనాలలో లేదు, గంటల తరబడి పట్టుకుంటే ఆ అదురు వేళ్ల రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఈ సంగతి చెప్పకుండా ఉస్తాద్ ఏ రంపాన్నీ తిరిగి ఇవ్వడు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని వేసి, వ్యవసాయ పరికరాలను మొదటి రంగాలలో ఒకటిగా ఎంచుకుంది. విడిభాగాలు, మార్గదర్శక పుస్తకాలు కొనుగోలుదారుకు అందాలన్న ఆ ఆలోచన మంచిదే, కాని అది తయారీదారుకూ కొన్నవాడికీ మధ్య ఒప్పందంగానే మిగిలితే, తయారీ ఆగిపోయిన యంత్రానికి ప్రాణం పోసే మూడవ మనిషి దానిలో ఎక్కడా ఉండడు. ఈ కొట్టంలో పని నేర్చుకున్న కుర్రవాళ్లు ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వెళ్లారు, నెల జీతం వచ్చే చోటికి వెళ్లడమే సరైనదని ఉస్తాదే చెబుతాడు. పారిశ్రామిక శిక్షణ సంస్థలు ఇటువంటి వారిని వారానికి ఒక పూటైనా గౌరవ వేతనంతో పిలిచి, పిల్లల ముందు ఒక పాడైన ఇంజను పెట్టి, విప్పకముందే దాని లోపం చెప్పించాలి. ఆయన చెప్పే లక్షణాలను, కారణాలను తెలుగులోనూ కన్నడలోనూ రాయించి అచ్చువేయాలి. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు, ఒక రాసేవాడు, ఒక బొమ్మలు గీసేవాడు, ఆ కొట్టంలో కూర్చోగలిగిన ఓపిక చాలు. అడిగితే ఉస్తాద్ వెంటనే ఒప్పుకున్నాడు, వర్షాకాలంలో పని తక్కువగా ఉంటుంది కనుక అప్పుడైతే మేలన్నాడు.