హ్యూస్టన్ పెరడు, ప్యాకెట్ వెనకాలి కాలం

హ్యూస్టన్ చుట్టుపక్కల పెరటి తోటకు ఏడాదిలో రెండు మంచి కాలాలు, ఒక మొండి కాలం ఉంటాయి. ఫిబ్రవరి చివరి నుంచి జూన్ మధ్య దాకా మొదటిది, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. నడుమ వచ్చే జూలై, ఆగస్టుల్లో టమాటా, బీన్స్, పాలకూర చేతులెత్తేస్తాయి. బెండ, గోంగూర, బీర, సొర, బచ్చలి అప్పుడే ఊపందుకుంటాయి. ఈ సంగతి విత్తనాల ప్యాకెట్ వెనక ఎక్కడా ఉండదు. అక్కడ ఉండేది ఒక్కటే మాట: చివరి మంచు పోయాక, పూర్తి ఎండ తగిలే చోట నాటండి. మే నెలలో నాటి సెప్టెంబరులో కోసుకునే ఒహాయో, మిషిగన్ వాళ్లకు అది వేదవాక్కే. టెక్సస్ దక్షిణాన దాన్ని నమ్ముకుని మే నెలలో టమాటా నారు తెచ్చుకునే తెలుగు కుటుంబాలు ఏటా కొత్తగా వస్తూనే ఉంటాయి. ఆ నారును మే నెలలో నిస్సంకోచంగా అమ్మే దుకాణాలకూ కొదవ లేదు.

అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని మండలాలుగా విడగొట్టి ఒక పటం వేసింది. 2023లో దాన్ని సవరించారు. అందులో హ్యూస్టన్ 9వ మండలం. ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున ఎంత చల్లగా ఉంటుందో చెప్పడానికే ఆ అంకె. ఎండ ఎంత, రాత్రి ఉక్క ఎంత, పగలు ఎన్ని గంటలు అన్నవి అందులో లేవు. ప్యాకెట్ మీద మండలం అంకె చూసి ధైర్యం తెచ్చుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. మొక్క చలికి చావదని తెలుస్తుంది గానీ ఎండకు కాస్తుందో లేదో తెలియదు.

నేల విషయంలో మాత్రం తెలుగువాళ్లకు పరాయితనం ఉండదు. హ్యూస్టన్ కింద ఉన్నది చాలాచోట్ల నల్లటి జిగట మట్టి. స్థానికులు గంబో అంటారు. కృష్ణా, గుంటూరు నల్లరేగడి కూడా ఈ జాతిదే, శాస్త్రం రెంటినీ వర్టిసోల్ అనే ఒకే వర్గంలో చేర్చింది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పునాదులు కదలకుండా ఇక్కడి వాళ్లు వేసవిలో ఇంటి చుట్టూ గొట్టాలు పరిచి గోడ పక్కన నేలను తడుపుతారు. నల్లరేగడిలో ఇల్లు కట్టిన రైతుకు చెబితే నవ్వుతాడు గానీ కారణం మాత్రం ఠక్కున చెప్పేస్తాడు. ఈ మట్టిలో వానకు నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి కాబట్టి అడుగు ఎత్తున చెక్కలతో మడి కట్టి, కంపోస్టు నింపి నాటడం ఇక్కడి పద్ధతి. ఫిబ్రవరి, మార్చిలో ఓక్ చెట్లు ఆకు రాలుస్తాయి. పక్కింటివాళ్లు వాటిని శుభ్రంగా ఊడ్చి, సంచుల్లో కట్టి, రోడ్డు పక్కన పెట్టేస్తారు. ఆ సంచుల్ని కారు డిక్కీలో వేసుకొచ్చి మొక్కల మొదళ్ల దగ్గర పరిచేవాళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. తుంగ గడ్డి కూడా అక్కడిదే ఇక్కడా. ఎంత పీకినా గడ్డ లోపల మిగిలిపోయి వారంలో మళ్లీ తలెత్తే ఆ మొండితనంలో సముద్రాలు దాటినా తేడా రాలేదు.

మొదటి కాలం టమాటాది. చివరి మంచు సగటున ఫిబ్రవరి రెండో పక్షానికే తగ్గుముఖం పడుతుంది, ఒక్కో ఏడు మార్చి మొదటి వారం దాకా జరుగుతుంది. జనవరిలోనే ఇంట్లో నారు పోసుకుని మార్చి మొదట్లో నాటినవాళ్లు మే నెలలో కోస్తారు. ఇక్కడ ఆలస్యమంటే పంట పోయినట్టే. రాత్రి ఉష్ణోగ్రత 24 సెంటీగ్రేడ్ దాటితే, పగలు 32 మించుతూ పోతే, టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. పూలు పూస్తాయి, పిందె కట్టదు, తొడిమ దగ్గర పసుపెక్కి రాలిపోతాయి. హ్యూస్టన్‌లో జూన్ నుంచి ఉక్క రాత్రులే. మే చివర నాటిన మొక్క ఆరడుగులు ఎదిగి, ఆకులతో కళకళలాడి, ఒక్క కాయ ఇవ్వకుండా నిలబడుతుంది. ప్యాకెట్ మీద ‘75 రోజుల్లో కాపు’ అని ఉంటుంది. ఏ 75 రోజులో రాయరు. తెలుగునాట వేసవి టమాటాకు మదనపల్లె పేరు మోగడానికి ఇదే కారణం: దాదాపు 700 మీటర్ల ఎత్తు, కాస్త చల్లబడే రాత్రులు. హ్యూస్టన్ సముద్రమట్టానికి ఎంతో ఎత్తున లేదు. అందుకే ఇక్కడ తెలివైన పని టమాటాను రెండుసార్లు నాటడం. మార్చిలో ఒకసారి, జూలై చివరో ఆగస్టులోనో నీడవలల కింద మరోసారి. రెండోది అక్టోబరు చల్లదనానికి పిందె కట్టి డిసెంబరు దాకా కాస్తుంది. ప్యాకెట్ వెనక రెండోసారి అన్న ఊసే లేదు.

ఆ తర్వాతి ఘట్టం అసలైన వేసవి. నేల వెచ్చబడ్డాక, ఏప్రిల్ మొదట్లో బెండ గింజలు రాత్రంతా నానబెట్టి నేరుగా మడిలో వేస్తారు. అమెరికాలో ఎక్కువగా దొరికే బెండ క్లెమ్సన్ స్పైన్‌లెస్, 1939లో దేశవ్యాప్త పురస్కారం తెచ్చుకున్న రకం. దాదాపు రెండు నెలల్లో కాపు మొదలు. పూసిన నాలుగైదు రోజుల్లో కోయకపోతే కాయ ముదిరి పీచవుతుంది, వారాంతపు తోటమాలికి ఇదే శిక్ష. తోటకూర, బచ్చలి మే నుంచి అడగకుండానే పెరుగుతాయి. గంగవాయిలి కూర నాటాల్సిన పని కూడా లేదు. కాలిబాట పగుళ్లలో మొలుస్తుంది, దాన్ని కలుపు మందు కొట్టి చంపుతారు. పప్పులో వేసుకోవాల్సిన దాని మీద మందు కొట్టే దృశ్యం చూస్తే ఎంత అభిమానం ఉన్న దేశమైనా ఆ క్షణానికి కాస్త పరాయిదనిపిస్తుంది.

గోంగూర ఇక్కడ పొదలా పెరుగుతుంది. మెక్సికో మూలాలున్న పొరుగువాళ్లు దాన్ని పెంచేది ఎర్రటి పుష్పకోశాల కోసం. వాటిని ఎండబెట్టి హమైకా అనే ఎర్రటి పానీయం చేసుకుంటారు. తెలుగిళ్లలో మాత్రం ఆకు మీదే కన్ను. కొమ్మలు తుంచినకొద్దీ చిగుళ్లు వస్తాయి. పగలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరుల్లో మొక్క పూతకు దిగుతుంది, ఆకు చిన్నదై పల్చబడుతుంది. అప్పుడు కంచె అవతలికి పుష్పకోశాలు, ఇవతలికి మిగిలిన ఆకు పంచుకుంటే ఎవరికీ నష్టం లేదు.

పాదుల సంగతి వేరే. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తేనెటీగలు పొద్దున్నే పనిచేసి వెళ్లిపోతాయి, రాత్రి పురుగులు అన్ని పెరళ్లలోనూ ఉండవు. అందుకే పిందె కట్టక కుళ్లిపోతోందంటే మొదట చేయాల్సింది మందు కొట్టడం కాదు. సూర్యాస్తమయం వేళకు పాదు దగ్గరికి వెళ్లి, సన్నటి కాడ ఉన్న మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి వంచి, చిన్న పిందె ఆకారం మీద విచ్చిన ఆడ పువ్వు మధ్య భాగానికి మెల్లగా రుద్దాలి. మూడోరోజుకే తేడా తెలుస్తుంది: పిందె ముదురు పచ్చగా మారి కాస్త వంగుతుంది. సొరకు ఎనిమిది పది ఆకులు రాగానే తల తుంచితే పక్క తీగల్లో ఆడ పూలు ఎక్కువ వస్తాయి. ప్యాకెట్ వెనక ‘పరాగసంపర్కం: కీటకాల ద్వారా’ అని ఉంటుంది.

పందిరి వేయడంలో మరో చిక్కు ఉంది. చాలా కాలనీల సంఘాలు ఇంటి ముందు గడ్డే ఉండాలంటాయి, పందిరి వెనక కంచె దాటి కనిపించకూడదు. అలా దాచిన పందిళ్లు కూడా 2024 జూలై 8న బెరిల్ తుఫాను గాలికి కూలి, కాపు మీదున్న పాదులు నేల పాలయ్యాయి. ఈ తీరంలో తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. పందిరి కాళ్లు గట్టిగా పాతుకోవడం అందుకే.

జూన్ మొదట్లో మృగశిర కార్తె వస్తుంది. ఇంట్లో క్యాలెండర్‌లో కార్తెలు చూసుకునే వాళ్లకు ఆ రోజు ఒక కచ్చితమైన భరోసా ఉంటుంది. రోహిణి ఎండలు దాటేశాం, తొలకరి వస్తుంది, విత్తనం పెట్టొచ్చని. హ్యూస్టన్‌లో ఏటా సుమారు 50 అంగుళాల వాన పడుతుంది, కానీ ఏ కార్తెతోనూ సంబంధం లేదు. జనవరిలో పడుతుంది, మేలో పడుతుంది, ఎప్పుడైనా పడుతుంది. రోహిణి తర్వాత ఇక్కడ మృగశిర రాదు, మూడు నెలల రోహిణి వస్తుంది. గోదావరి జిల్లా పెరట్లో ఆ నెలలో జరిగే పనులు మరోలా ఉంటాయి: గొడ్ల చావడి పక్కన ఎరువు గుంత తవ్వి, పొయ్యిలో బూడిద కలిపి, బియ్యం కడిగిన నీళ్లు పాదు మొదట్లో పోయడం, చూరు అంచునుంచి కారే వాన కింద చిక్కుడు గింజలు పెట్టడం. ఆ పనికి ప్యాకెట్ లేదు. పొరుగావిడ కొంగున ముడేసుకుని తెచ్చిన గింజలకు వెనకవైపు ఏమీ రాసి ఉండదు, వేసే వేళ ఆవిడే చెబుతుంది.

ఆ చిక్కుడే ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ ఏడిపిస్తుంది. పందిరి చిక్కుడుకు పగలు కురచ కావాలి. విజయవాడలో జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, హ్యూస్టన్‌లో 14. ఏప్రిల్‌లో వేసిన తీగ వేసవి అంతా పచ్చని కంచెలా పాకి, పూయకుండా కూర్చుంటుంది. సెప్టెంబరు చివర పూలు మొదలవుతాయి, నవంబరులో కాయ నిండుతుంది, డిసెంబరు మంచు వచ్చి నల్లగా మాడ్చేస్తుంది. చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే రథసప్తమి జనవరి, ఫిబ్రవరుల్లో వస్తుంది. సరిగ్గా అప్పుడే హ్యూస్టన్‌లో ఏ తీగా బతికి ఉండదు. పగటి గంటలతో పని లేకుండా పూసే రకాలు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ లాంటివి ఉన్నాయి. లేదంటే పందిరి చిక్కుడును జూన్ చివర, జూలైలో వేసుకోవడం మంచిది; ఏప్రిల్‌లో వేసినదానికంటే ఆలస్యంగా కాయదు, చోటు మాత్రం మిగులుతుంది.

శీతాకాలం ఇక్కడి పెరటికి అసలైన వరం. కొత్తిమీర, మెంతికూర, పాలకూర, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ అక్టోబరు, నవంబరుల్లో వేస్తే మార్చి దాకా వస్తాయి. తేలికపాటి మంచు వాటిని ఏమీ చేయదు. కొత్తిమీర ప్యాకెట్ వెనక మళ్లీ వసంతంలో వేయమనే ఉంటుంది. ఏప్రిల్‌లో వేసినది చేయి ఎత్తు రాకముందే పూతకు దిగి ధనియాలవుతుంది. ఈ విషయంలో ఒకే ఒక్క నిజాయితీ గల విత్తనం టెక్సస్ 1015 ఉల్లి: విత్తే తేదీ అక్టోబరు 15ని పేరులోనే పెట్టుకుంది.

చివరిది కరివేపాకు. దీనికి చలి కంటే ముందు చట్టం అడ్డం. నిమ్మజాతి చెట్లను చంపే హరిత రోగాన్ని మోసుకొచ్చే సిల్లిడ్ పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఆవాసం. ఆ రోగం ఫ్లోరిడాలో 2005లో, టెక్సస్‌లో 2012లో బయటపడింది. అందుకే ఊరి నుంచి మొక్క, తాజా ఆకు తేవడం నిషిద్ధం. రాష్ట్రాలు దాటించడానికీ ఆంక్షలున్నాయి. లైసెన్సున్న స్థానిక నర్సరీలో కొని, కుండీలోనే పెంచడం మేలు. 2021 ఫిబ్రవరిలో హ్యూస్టన్ మైనస్ 10 సెంటీగ్రేడ్‌కు పడిపోయి, రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు నేలలో నాటిన కరివేపాకులు ఎన్నో చచ్చాయి. మునగ, దొండ మాత్రం పైన మాడినా వేరు నుంచి మళ్లీ లేస్తాయి. రాత్రి 5 డిగ్రీలకు దిగుతుందన్నప్పుడు కుండీని గరాజ్‌లోకి చేర్చి, నీళ్లు తగ్గించాలి. లోపల ఆకు రాలితే భయపడి ఎరువు వేయకూడదు. మార్చి మొదట్లో బయట నీడలో ఒక వారం ఉంచి, ఎండిన కొనలు కత్తిరించి, ఆపైన ఎండలో పెడితే ఏప్రిల్‌కు చిగురు వస్తుంది.