పిడికెడు బియ్యము

నేలపట్టు చెరువు ఎండి గూడబాతులు వెళ్లిపోయాక, మే నెలలో దొరవారిసత్రంలో మా సంఘపు పిల్లలకు సెలవుల బైబిలు పాఠశాల జరుపుతాము. ఈ వేసవిలో కానుకలు తగ్గినందున మధ్యాహ్న భోజనము మానేద్దామని తీర్మానించుకొన్నాము.

ఆ ఆదివారము కానుకలను గూర్చి ప్రసంగిస్తూ, 1912లో ఆంగ్లికన్ సంఘపు దోర్నకల్ అధ్యక్ష ఖండానికి మొదటి బిషప్పయిన అజరయ్యగారి కాలంలో, అక్కడి పేద స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసిపెట్టేవారని చెప్పాము.

మరునాడు కూలికి వెళ్లే తల్లులు కొంగున బియ్యము కట్టుకొని వచ్చారు. "పిలకాయలు పస్తుంటే వాక్యం చెవికెక్కుతుందా అయ్యగారూ?" అన్నారు. మేము తలవంచుకొన్నాము. బోధించిన మేము వెనుకాడితే, విన్నవారు విశ్వసించారు. పాఠశాల ముగిసేదాకా ఒక్క పూటైనా పొయ్యి ఆరలేదు.